కాలనీ ఖాళీ స్థలంలో కూరగాయల తోట: నగరపాలక సంస్థను ఏమని అడగాలి?

పాదు, మధురవాడ

మా లేఅవుటులో పార్కు కోసమని విడిచిపెట్టిన స్థలం ఒకటుంది, సుమారు 600 గజాలు. పార్కు మాత్రం ఎన్నడూ రాలేదు. వయ్యారిభామ, సర్కారు తుమ్మ, ఇళ్లు కట్టుకున్నవారు పారబోసిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఉన్నాయి. వయ్యారిభామ పూతకు వచ్చిందంటే ఆ పక్క వీధిలో దగ్గులు, దురదలు మొదలవుతాయి. దాన్ని శుభ్రం చేసి అందరం కలిసి కూరగాయలు పండించుకుందామని సంఘం సమావేశంలో అన్నాను. సగం మంది బాగుందన్నారు. మిగతా సగం ‘అసలు అది మన స్థలమా?’ అన్నారు.

అన్న పాపానికి జీవీఎంసీకి (మహా విశాఖ నగరపాలక సంస్థకు) అర్జీ రాసే పని నాకే అప్పగించారు. విత్తనాలు, కుండీలు ఉచితంగా ఇప్పించమని రాస్తే చాలని కొందరి సలహా. వాటికి అయ్యే ఖర్చు మేమే పెట్టుకోగలం. నగరం మాత్రమే ఇవ్వగలిగినది, మేం కొనుక్కోలేనిది ఏమిటన్నదే నా ప్రశ్న. ఇలాంటి తోట వేసినవారు చెప్పండి, వేసి మానేసినవారు తప్పకుండా చెప్పండి.

మద్దిలపాలెం మాస్టారు

అమ్మా, అర్జీ సంగతికి ముందు ఒక పాత సంగతి. ఇప్పుడు మనం ఎంవీపీ కాలనీ అంటున్నది మువ్వలవానిపాలెం. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, చుట్టూ ఉన్న 32 గ్రామాలను కలుపుకొని మహా విశాఖ ఏర్పడింది. 2013లో భీమిలి, అనకాపల్లి కూడా వచ్చి చేరాయి. కాబట్టి నగరంలోకి సేద్యం కొత్తగా రావడం లేదు, నగరమే పొలాల మీదికి నడిచి వెళ్లింది. సింహాచలం వైపు కొండవాలున అనాస, ఆనందపురం పూలు, భీమిలి దారిలో కాయగూరలు ఇంకా మన కళ్ల ముందే ఉన్నాయి. అందుకని అర్జీలో ‘వినూత్న ప్రయోగం’ అని రాయకండి. అధికారులకు ప్రయోగం అంటే వాయిదా వేయదగిన పని.

ఇక మీ ప్రశ్న. ఇంగ్లండులో 1908 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ అమలులో ఉంది. ఊళ్లో ఆరుగురు ఓటర్లు కలిసి ‘మాకు సాగు మడులు కావాలి’ అని రాసిస్తే స్థానిక కౌన్సిలు దాన్ని పరిశీలించి తీరాలి. అక్కడ పూర్తి మడి అంటే దాదాపు 250 చదరపు మీటర్లు, మన లెక్కలో 300 గజాలు. అద్దె తీసుకుంటారు, ఉచితం కాదు. 1925లో చేసిన మరో చట్టం ప్రకారం అలా కేటాయించిన నేలను మంత్రి అనుమతి లేకుండా కౌన్సిలు అమ్మడానికి వీల్లేదు. విత్తనాల గురించి ఆ చట్టాలు బెంగపెట్టుకోలేదు, నేల గురించి పెట్టుకున్నాయి. మీ అర్జీకీ అదే కీలకం.

పెందుర్తి రైతు

మాస్టారు చెప్పిన చరిత్ర బాగుంది. ఆ నడిచి వచ్చిన నగరం కింద మా పక్క పొలాలు ఎన్ని ప్లాట్లయ్యాయో కూడా చెబితే నిండుగా ఉండేది. చుట్టూ కాయగూరలు పండే నేలను గజాల్లోకి మార్చేసి, ఆ గజాల మధ్య మిగిలిన తుప్పల్లో కాయగూరలు వేయడానికి నగరం సాయం చేయాలంటున్నారు. తమాషాగా ఉంది.

నగరానికి కూరగాయల మీద నిజంగా ప్రేమ ఉంటే చేయవలసినవి వేరే ఉన్నాయి. శివారులో ఇంకా దున్నుతున్న నేలను ప్రణాళికలో సాగుభూమిగానే ఉంచాలి. 1999లో మొదలైన రైతు బజార్లలో పండించినవాడికే బల్ల దక్కేలా చూడాలి. మధ్యాహ్నానికి వాడిపోయే ఆకుకూరకు నీడ, నీళ్లు ఉండాలి. మీరు 600 గజాల్లో పండించేది మీ కాలనీకి వారానికి ఒక్క పూట కూర. అది సరదా. సరదా తప్పని నేను అనను, దానికి నగరం డబ్బు ఎందుకని అడుగుతున్నాను.

పాదు, మధురవాడ

రైతుగారూ, డబ్బు అడగడం లేదండీ. తుప్పలు కొట్టించే ఖర్చు కూడా చందాలతోనే. రైతు బజారు మానేసే ఉద్దేశం అంతకన్నా లేదు. బెండకాయ మీద పురుగు పట్టిందని బేరమాడేవారు ఒక్కసారి బెండ సాగు చేస్తే ఆ తరువాత మీతో బేరమాడరు, అదైనా లాభమే కదా.

గాజువాక ఇంజినీరు

పాదుగారిది నేల కాబట్టి నా మాట ఆమెకు అవసరం లేదు. కానీ ఇలాంటి చర్చ చదివి మేడ మీద మట్టి పోసేవారు ఉంటారు, వారికోసం రాస్తున్నాను.

మనుషులు ఎక్కి తిరిగే మేడకు మన భారతీయ ప్రమాణం ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. మామూలు తోట మట్టి ఒక అడుగు మందాన పోసి నీళ్లు పెడితే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. నాలుగు కుండీలు పెట్టుకుంటే ఏమీ కాదు. స్లాబు నిండా పిట్టగోడ ఎత్తున మట్టి పోసి ‘మేడ మీద పొలం’ అంటే మాత్రం కింద పడుకునేవారిని ఒకసారి తలచుకోండి. కొబ్బరి పొట్టు, కంపోస్టు ఎక్కువగా, మట్టి తక్కువగా కలపండి. బరువైన తొట్లను దూలాల మీదుగా, గోడల వారగా అమర్చండి. స్లాబు మధ్యలో వద్దు. తొట్టి అడుగున ఇటుకలు పెట్టి గాలి ఆడనివ్వండి, లేకపోతే చెమ్మ దిగి కడ్డీకి తుప్పు పడుతుంది. సముద్రపు గాలికి మన ఊళ్లో కడ్డీలకు ఇప్పటికే ఉన్న తుప్పు చాలు.

బీచి రోడ్డులో రోజూ పోగుపడే బొండాల డొక్కల నుంచి పొట్టు తీయిస్తే నగరంలో మేడతోటలన్నింటికీ సరిపోతుందని నా నమ్మకం. లెక్క కట్టలేదు, చూసి చెబుతున్నాను.

నల్లకోటు

‘అది మన స్థలమా?’ అన్నవారు సరైన ప్రశ్నే వేశారు. అనుమతి పొందిన లేఅవుటులో పదో వంతు ఖాళీ స్థలంగా విడిచి, దాన్ని దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. ఆ పత్రం రిజిస్టరైతే స్థలం నగరపాలక సంస్థది. కాలనీ సంఘానిది కాదు, లేఅవుటు వేసినవాడిదీ కాదు. ముందుగా ఆ పత్రం నకలు సంపాదించండి. లేకపోతే మీరు తుప్పలు కొట్టిన మర్నాడు ‘ఇది నాది’ అంటూ ఒకరు రావచ్చు.

రెండో విషయం. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని 1991లో బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రజలకోసం విడిచిన ఖాళీ స్థలం కొందరి సొంతానికి మళ్లకూడదన్నది దాని సారం. ఈ తీర్పు మీకు రక్ష, మీకే అడ్డు కూడా. నాలుగు కుటుంబాలవారు కంచె వేసి తాళం పెట్టుకుంటే, లోపల ఉన్నది బచ్చలి తీగే అయినా ఆక్రమణే.

కాబట్టి లీజు అడగకండి, వాడుకునే అనుమతి అడగండి. 1882 నాటి చట్టం ప్రకారం అలాంటి అనుమతి వల్ల నేల మీద మీకు ఏ హక్కూ రాదు. అందుకే అధికారి కూడా భయపడకుండా సంతకం పెట్టగలడు. గేటుకు పగలు తాళం ఉండదని, పక్కా కట్టడం కట్టబోమని, ఎవరైనా సభ్యులు కావచ్చని మీరే రాసివ్వండి. బదులుగా ఇంత కాలం వరకు ఖాళీ చేయించబోమని వారి చేత రాయించుకోండి. అయిదేళ్లు అడిగితే మూడేళ్లు ఇస్తారు.

సిక్సర్

అందరూ అర్జీ రాసేస్తున్నారు. పిల్లలు ఎక్కడ ఆడుకోవాలో ఎవరూ అడగలేదు. మధురవాడలో ఒక్కో అపార్టుమెంటులో ఎందరు పిల్లలున్నారో చూశారా? ఉన్న ఒక్క ఖాళీ స్థలంలో వంకాయలు వేస్తే బంతి పడిన ప్రతిసారీ పెద్దావిడ ఒకరు కర్ర పట్టుకొని వస్తారు. పార్కు అని రాసి ఉంటే పార్కు కట్టమనండి. కూరగాయలు అంగట్లో దొరుకుతాయి, మైదానం దొరకదు.

ఇంకోటి. ఇలాంటి ఉమ్మడి తోటలు ఆరు నెలలు ఉంటాయి. మొదట ఇరవై మంది, తరువాత నలుగురు, చివరికి అది ఒక్కరి పెరడు. పదిమంది చేరితే పాము చావదు.

పాదు, మధురవాడ

కర్ర పట్టుకొని వచ్చే పెద్దావిడను నేనే కావచ్చు బాబూ. ఆట స్థలం మాట న్యాయమైనది. 600 గజాల్లో 400 గజాలు ఆటకు వదిలేసి, గోడ వారగా 200 గజాల్లో మడులు వేస్తే? క్రికెట్టు కుదరదు, షటిల్‌కు కుదురుతుంది.

సిక్సర్

షటిల్‌కు గాలి ఒప్పుకోదు. వాలీబాల్ అయితే సరే. ఆ 400 అర్జీలో అంకెతో రాయండి, ‘కొంత భాగం’ అని కాదు.

అరిలోవ అక్క

నేను మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద పొదుపు సంఘం నడుపుతున్నాను. ఇక్కడ మేడ గురించి, లేఅవుటు గురించి మాట్లాడుతున్నారు. మాకు రెండూ లేవు. కొండవాలు మీద మెట్లెక్కి వెళ్లే ఇళ్లు మావి. రేకుల కప్పు మీద కుండీ నిలబడదు. పట్నాలో మేడ మీద తోటకు అక్కడి ప్రభుత్వం రాయితీ ఇస్తోందని మా సమావేశంలో ఒకరు చెప్పారు. దానికి 300 చదరపు అడుగుల ఖాళీ మేడ ఉండాలట. మేడ ఉన్నవారికే రాయితీ వస్తే, కూర కొనడానికి ఆలోచించేవారికి ఏం వస్తుంది?

కేరళలో కుటుంబశ్రీ అనే ప్రభుత్వ పొదుపు సంఘాల కార్యక్రమంలోని ఆడవాళ్లు నలుగురి నుంచి పదిమంది దాకా జట్టు కట్టి, బీడు పడిన నేలను కౌలుకు తీసుకొని పండిస్తున్నారు. పండినది తింటారు, మిగిలినది అమ్ముతారు, బ్యాంకు రుణం జట్టు పేరు మీద వస్తుంది. నగరం సాయం చేయదలిస్తే అలాంటిది చేయాలి. ఖాళీ స్థలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వార్డువారీగా జాబితా వేసి బయట పెట్టాలి. కాలనీ సంఘానికి ఎంత హక్కుందో కాలనీలో ఇళ్లకు పనికి వచ్చే మాకూ అంతే ఉండాలి. స్థలం కాలనీది కాదని నల్లకోటుగారు చెప్పనే చెప్పారు.

మద్దిలపాలెం మాస్టారు

అక్కగారు అసలు విషయం పట్టుకున్నారు. అర్జెంటీనాలో రొసారియో అనే నగరం ఉంది. 2001లో ఆ దేశ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి ఉపాధి పోయినప్పుడు, మర్నాటి ఏడాదే అక్కడి నగరపాలక సంస్థ పట్టణ సాగు కార్యక్రమం మొదలుపెట్టింది. విత్తనాలు, పనిముట్లు ఇచ్చి ఊరుకోలేదు. రైలు పట్టాల పక్కన, రోడ్ల వారగా, వరద పారే చోట్ల పడి ఉన్న నేలను గుర్తించి సాగుకు అప్పగించింది. పండించినది అమ్ముకోవడానికి సంతలు పెట్టించింది. దాదాపు ఇరవై ఏళ్ల తరువాత, 2021లో, ఆ పనికి అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఇరవై ఏళ్లు అన్నది గమనించండి. మేయర్లు మారినా కార్యక్రమం మారలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ న్యూయార్కు. 1970లలో అక్కడ ఇళ్లు కూలి, తగలబడి పాడుపడిన స్థలాల్లో జనం తోటలు వేసుకున్నారు. 1978లో నగరం వాటికోసం ఒక విభాగం పెట్టి ఏడాదికి ఒక డాలరు అద్దెతో అనుమతులిచ్చింది. నేల ధర పెరిగాక, 1999లో, వందకు పైగా తోటలను వేలం వేయబోయింది. దాతలు, భూపరిరక్షణ సంస్థలు కొనడం వల్ల అవి మిగిలాయి. ఎడారిలా ఉన్న స్థలానికి విలువ తెచ్చినవారినే ఆ విలువ వెళ్లగొట్టబోయింది. మధురవాడలో గజం ధర ఎంతో నేను చెప్పనక్కరలేదు. మడులు పచ్చబడ్డాక అక్కడ ఏదో కార్యాలయ భవనమో, నీళ్ల ట్యాంకో కట్టాలని ఎవరికో తోస్తుంది. అందుకే గడువు రాతపూర్వకంగా ఉండాలి.

నేలసారం

మట్టి పరీక్షల ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశాను. అందరూ నేల ఎవరిదని అడుగుతున్నారు, ఆ నేలలో ఏముందని అడగలేదు.

భవన శిథిలాలు పోసిన చోట సున్నం, సిమెంటు వల్ల మట్టి క్షారం వైపు పోతుంది. ఆకులు పచ్చదనం పోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందకపోవడం. మన ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం మొదటే తక్కువ. పాత రంగుల పెచ్చులు, బ్యాటరీలు, వాహనాల మరమ్మతు షెడ్లు ఉన్న చోట్ల సీసం ఉండే అవకాశం ఉంది. సీసం, కాడ్మియం ఆకుకూరల్లో, దుంపల్లో ఎక్కువగా చేరతాయి. బెండ, టమాట, చిక్కుడు వంటి కాయల్లో తక్కువ. కర్మాగారాల దగ్గర, ఖనిజాల దుమ్ము పడే పాత నగరం వైపు అయితే ఆకు మీద పడిన దుమ్మూ లెక్కలోకి వస్తుంది. కడిగి తినాలి, అంచున గుబురు చెట్ల వరుస ఉండాలి.

పాదుగారు చేయవలసింది: శిథిలాలు తీయించి, స్థలంలో నాలుగైదు చోట్ల నుంచి మట్టి తీసి కలిపి పరీక్షకు పంపడం. మామూలు భూసార పరీక్షలో భార లోహాలు ఉండవు, విడిగా అడగాలి. ఫలితం వచ్చేవరకు ఆగలేకపోతే ఇటుక గట్లు కట్టి అడుగున్నర ఎత్తు మడులు వేసి, బయటి నుంచి తెచ్చిన మంచి మట్టి నింపండి.

నీరు ఇంకా ముఖ్యం. తీరానికి దగ్గరగా ఉన్న బోర్లలో ఉప్పు ఎక్కుతుంది. చిక్కుడు ఉప్పుకు ముందు చస్తుంది, బచ్చలి, పాలకూర ఓర్చుకుంటాయి. గెడ్డ (మురుగు కలిసే వాగు) నీళ్లు ఎట్టి పరిస్థితిలోనూ పచ్చిగా తినే వాటికి వద్దు. వేసవిలో చదరపు మీటరు మడికి రోజుకు నాలుగైదు లీటర్లు పడుతుంది. 200 గజాల్లో దారులు పోగా 120 చదరపు మీటర్ల మడి ఉంటుందనుకుంటే, రోజుకు 500 నుంచి 600 లీటర్లు. రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి జలాశయాల నుంచి తెచ్చి శుద్ధి చేసిన తాగునీరు వంగమొక్కకు పోయడం మే నెలలో ఎవరికీ నచ్చదు. పక్క అపార్టుమెంటు మేడ నుంచి వాననీటి గొట్టం, ఒక తొట్టి, పైన గడ్డి పరుపు. వీటి తరువాతే కుళాయి మాట.

నిర్వాహకుడు

కోతుల గురించి వచ్చిన తొమ్మిది వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాను. కంబాలకొండ అడవి పక్కన ఉన్నవారి బాధ అర్థమవుతుంది, కానీ బాణసంచా సలహాలు ఇక్కడ వద్దు.

ఉషోదయ కూడలి

కోతులు సరే, దోమలో? కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలిచే మా వీధిలో డెంగీ వచ్చింది. శుక్రవారం నీటి పాత్రలన్నీ ఆరబెట్టమని మలేరియా విభాగం వారు చెబుతుంటారు. వాననీటి తొట్టి పెడితే మూతా, దోమతెరా ఉండాలని అర్జీలో మీరే రాయండి. వారు అడిగేలోపు మనమే అంటే గౌరవంగా ఉంటుంది.

కూర్మన్నపాలెం ప్లాటు

నాకు ఖాళీ ప్లాటు ఉంది. ఏటా ఖాళీ స్థలం పన్ను కడుతున్నాను, తుప్పలు తీయించడానికి వేరే ఖర్చు. ఎవరైనా కూరగాయలు వేసుకుంటామంటే ఇవ్వాలనే ఉంది. పదేళ్ల తరువాత ‘ఇది మా స్వాధీనంలో ఉంది’ అంటే ఏం చేయను? ఆ భయంతోనే ఇవ్వడం లేదు. నాలాంటివారు ఈ ఊళ్లో వేలల్లో ఉంటారు.

నల్లకోటు

ప్రైవేటు స్థలం మీద స్వాధీన హక్కు రావాలంటే పన్నెండేళ్లు, అది కూడా మీ హక్కును ధిక్కరిస్తూ, బహిరంగంగా ఉండాలి. మీరే అనుమతి ఇచ్చి ఉంటే అది ధిక్కారం కాదు. ఏడాదికోసారి కొత్తగా అనుమతి పత్రం రాసుకోండి, నామమాత్రపు రుసుము బ్యాంకు ద్వారా తీసుకోండి, మధ్యలో నెల రోజులు ఖాళీగా ఉంచండి.

మీ పన్ను మాటకు వస్తాను. కాలిఫోర్నియాలో 2013లో ఒక చట్టం చేశారు. పట్టణంలో పదో వంతు ఎకరం నుంచి మూడెకరాల దాకా ఉన్న ఖాళీ స్థలాన్ని కనీసం అయిదేళ్లు సాగుకు ఇస్తానని యజమాని ఒప్పందం చేసుకుంటే, ఆ స్థలానికి పట్టణ విలువ మీద కాకుండా సాగుభూమి విలువ మీద పన్ను వేస్తారు. మధ్యలో ఒప్పందం తప్పితే మినహాయింపు తిరిగి కట్టాలి. మన ఖాళీ స్థలం పన్నులో ఇలాంటి తగ్గింపు రావాలంటే రాష్ట్ర ప్రభుత్వం నిబంధన మార్చాలి, నగరపాలక సంస్థ ఒక్కటే చేయలేదు. అర్జీలో కలపకండి, వేరే వినతిగా పెట్టండి. ఒకే కాగితంలో రెండు కార్యాలయాల పని రాస్తే రెండూ జరగవు.

పెందుర్తి రైతు

పన్ను తగ్గింపు ఇస్తే మొదట లాభపడేది ధర పెరిగేదాకా ప్లాటు అట్టిపెట్టుకునేవాడు. నాలుగు మునగ చెట్లు నాటి సాగు అంటాడు. ఏడాదికి ఎన్ని నెలలు పంట ఉండాలో రాయకపోతే ఆ చట్టం ఇక్కడ వెక్కిరింత అవుతుంది. ప్లాటుగారిని అనడం లేదు.

సరే, పాదమ్మగారు వేయక మానరని అర్థమైంది కాబట్టి సాగు సంగతి చెబుతాను. మొదటి ఏడాది టమాట జోలికి పోకండి. ఆకుముడత, ఎండు తెగులు వచ్చి సగం మంది మానేస్తారు. తొలకరికి తోటకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు వేయండి. తోటకూర నెల తిరగకుండా కోతకు వస్తుంది. జనం చేతికి ఏదో ఒకటి త్వరగా రాకపోతే మీ సంఘం నిలవదు. ఆనప, బీర పందిళ్లు ఎత్తుగా కట్టకండి. తుపానుల కాలం అక్టోబరు, నవంబరు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. దాని తరువాత ఈ ఊళ్లో పందిరి సంగతి అటుంచి పెద్ద చెట్లే మిగలలేదు. గాలి హెచ్చరిక రాగానే దించేలా తాళ్లతో కట్టుకోండి. కార్తీకం దాటాక వంగ, మిరప, చిక్కుడు, పాలకూర, మెంతి.

ఎరువుకు జీవామృతం చాలు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. రెండు పూటలా కలుపుతూ నీడన ఉంచితే రెండు మూడు రోజుల్లో సిద్ధం. మీకు పదో వంతు కలిపినా ఎక్కువే. 2016లో మన రాష్ట్రంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లో గుల్బెంకియన్ బహుమతి ఇచ్చారు. ఆ కార్యక్రమంలో పనిచేసే ఊరి ఆడవాళ్లకు మీ పుస్తకాలకన్నా ఎక్కువ తెలుసు. నగరాన్ని ఏదైనా అడగదలిస్తే, అలాంటి ఒకరిని వారానికోసారి పంపమని, వారికి జీతం ఇమ్మని అడగండి. వీడియోలు చూసి సాగు చేసేవారికి వేపనూనె ఎంత పోయాలో కూడా తెలియదు.

నేలసారం

రైతుగారి మాటకు నా ఓటు. కంపోస్టు గురించి కూడా. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు తడి చెత్తను వీలైనంత వరకు పుట్టిన చోటే కుళ్లబెట్టమన్నాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ సముదాయాలకు ఆ బాధ్యత పేరుపెట్టి రాశాయి. కాపులుప్పాడలో చెత్తతో విద్యుత్తు తయారుచేసే 15 మెగావాట్ల కేంద్రం ఉంది, కానీ అరటి తొక్కలు, కూరగాయల పీచు తడిగా ఉంటాయి, కాలవు. వాటిని లారీలో అంత దూరం మోయడంకన్నా కాలనీలో గొయ్యి తీయడం చవక. నగరం మీకు కంపోస్టు ఇస్తానంటే తీసుకునేముందు పరీక్ష నివేదిక అడగండి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో పట్టణ కంపోస్టుకు కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదని ఉంది. కలగలిపిన చెత్త నుంచి తయారైన దానిలో గాజు పెంకులు కూడా వస్తాయి. పిల్లలు చెప్పులు లేకుండా తిరిగే తోట అది.

పాదు, మధురవాడ

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ నమస్కారం. అర్జీ ఇలా రాశాను, చూడండి.

‘మా లేఅవుటులో నగరపాలక సంస్థకు దఖలుపడిన 600 గజాల ఖాళీ స్థలంలో 400 గజాలు ఆటకు, 200 గజాలు ఉమ్మడి కూరగాయల మడులకు ఉపయోగించుకోవడానికి అయిదేళ్ల అనుమతి కోరుతున్నాము. అవసరమై వెనక్కి తీసుకోవలసి వస్తే చేతిలో ఉన్న పంట పూర్తయ్యేవరకు, కనీసం ఆరు నెలలు, గడువు ఇవ్వాలని మనవి. స్థలంలోని శిథిలాలను తొలగించి, భార లోహాలతో సహా మట్టి పరీక్ష చేయించాలని, ఒక నీటి కనెక్షను మంజూరు చేయాలని, వారానికి ఒకసారి ప్రకృతి వ్యవసాయం తెలిసిన శిక్షకురాలిని పంపాలని కోరుతున్నాము. గేటు పగలంతా తెరిచే ఉంటుంది. పక్కా కట్టడాలు ఉండవు. వాననీటి తొట్టికి దోమతెర ఉంటుంది. మడులను ఏటా లాటరీ ద్వారా కేటాయిస్తాము. పండిన కూరగాయలను అమ్మము.’

అరిలోవ అక్క

చివరి వాక్యం తీసేయండి. అమ్మకూడదని మీరే రాసిస్తే రేపు అన్ని వార్డుల్లోనూ అదే షరతు పెడతారు. మీకు అమ్మే అవసరం లేదు, మా వాళ్లకు ఉంది. లాటరీ ఎవరి మధ్య? కాలనీ వారి మధ్యేనా?

మద్దిలపాలెం మాస్టారు

సింగపూరులో 2016 నుంచి పార్కుల్లోనే మడులు ఇస్తున్నారు. రెండున్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు. మూడేళ్లకు ఒకరికి, దరఖాస్తులు ఎక్కువైతే చీట్లు తీస్తారు. ఏటా చీటీ తీస్తే కరివేపాకు మొక్క ఎవరూ నాటరమ్మా. మూడేళ్లు చేయండి.

పాదు, మధురవాడ

అక్కా, ఇరవై మడుల్లో ఆరు పొదుపు సంఘాల సభ్యులకు, వారి మిగులు వారు అమ్ముకోవచ్చు అని మారుస్తున్నాను. మా సంఘంలో దీనికి గొడవ అవుతుంది. అయితే అవనీ. లాటరీ మూడేళ్లకోసారి.

అరిలోవ అక్క

ఆరు కాదు, ఎనిమిది. స్థలం శుభ్రం చేయడానికి మా జట్టు వస్తుంది, కూలి ఇవ్వాలి.

పెందుర్తి రైతు

అమ్మడానికి అయితే ఆకుకూర ఒక్కటే వేయండి, అక్కా. తెల్లారి కోసి అపార్టుమెంటు గేటు దగ్గర పెడితే గంటలో అయిపోతుంది. రైతు బజారుకు తేవద్దు, అక్కడ మేం ఉన్నాం.

నల్లకోటు

నీటి కనెక్షను ఎవరి పేరున అన్నది రాయలేదు. సంఘం పేరున అయితే సంఘం 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరై, లెక్కలు దాఖలు చేస్తూ ఉండాలి. మీది చివరిసారి ఎప్పుడు దాఖలు చేశారో సోమవారంలోపు కనుక్కోండి. బిల్లు ఎవరు కడతారన్నది కూడా అర్జీలోనే ఉండాలి, ఎనిమిది మడుల వాటాతో సహా.